తెల్లబండిలో సముద్రానికి

ఈ సంగతిని కాగితం మీద పెట్టడానికి ఒక కారణం ఉంది. గోదావరిఖనిలో ఏ పెళ్ళి పందిట్లో నలుగురు చేరినా మా శ్రీలంక యాత్ర ప్రస్తావనకు వస్తుంది; వచ్చిన ప్రతిసారీ దానికి ఒక కొత్త అబద్ధం తోకలాగా అంటుకుంటుంది. మా బావ అక్కడ చనిపోయి బతికాడని ఒకరు, చనిపోయి బతికింది బావ కాదు నేనేనని మరొకరు, అసలు పోయినవాడెవరో ఇప్పటికీ తేలలేదని ఇంకొకరు. మొన్న ఒక వివాహంలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో ఎరుగక, ఈ కథంతా నాకే చెప్పి, చివరికి "గా సారు ఇంక బతికే ఉన్నడంటవా?" అని నన్నే అడిగాడు. ఉన్నానని నిరూపించుకోవడానికీ, ఒక క్రమం లేకుండా తిరుగుతున్న ఈ వృత్తాంతాన్ని ఒక క్రమంలో పెట్టడానికీ కలం పట్టవలసి వచ్చింది.

జరిగినదానిని జరిగిన వరుసలో చెప్పడం నాకు అలవాటు. కనుక పాఠకులు నిశ్చింతగా ఉండవచ్చు. ఘోరం తప్పకుండా జరుగుతుంది. కాకపోతే దాని వంతు వచ్చినప్పుడే జరుగుతుంది.

బొగ్గు గనుల రెస్క్యూ స్టేషన్లో శిక్షకుడిగా పనిచేసి నేను పదవీ విరమణ చేశాను. గనిలో నిప్పు అంటుకున్నా విషవాయువు నిండినా, అందరూ బయటికి పరుగెత్తే దారిలో లోపలికి నడిచేవారు రెస్క్యూ మనుషులు. వీపున ఆక్సిజన్ యంత్రం, నోట్లో గొట్టం, ముక్కుకు క్లిప్పు. వారికి ఊపిరి పీల్చడం నేర్పినవాడిని నేను. పుట్టగానే ఎవరికైనా వచ్చే విద్యను నేర్పడమేమిటని మీరు అనుకోవచ్చు. మా స్టేషన్లో ఒక్క పూట ఉండి ఉంటే, ఇంతకాలం దానిని ఎంత తప్పుగా పీలుస్తున్నారో మీకు తెలిసి ఉండేది.

మా స్టేషన్ బండికి ఒక పద్ధతి ఉంది. యంత్రాలు మధ్యలో పడుకొని ప్రయాణం చేస్తాయి. మనుషులు రెండు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు. ఎవరి యంత్రం మీద వారి చూపు ఉండాలి. బృందం ఎంత దూరం వెళ్ళినా యంత్రాలు బృందంతోనే వెళ్ళాలి. పరాయివాడు తెచ్చిపెట్టిన సిలిండర్‌ను నమ్మి నోట్లో గొట్టం పెట్టుకున్న రెస్క్యూ మనిషి ఈ భూమి మీద లేడు. ఒకవేళ పెట్టుకుని ఉంటే, ఆ కారణం చేతనే లేడు. ఈ పద్ధతిని నేను ఎంతగా జీర్ణించుకున్నానంటే, మా ఇంట్లో కూరగాయల సంచి కూడా ఆటోలో నా కళ్ళ ఎదుటే, అడ్డంగా పడుకొని ప్రయాణం చేసేది. ఈ ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. మున్ముందు అవసరం పడుతుంది.

మా అక్క భర్త రాజమల్లు బావ కూడా రెస్క్యూ మనిషే. రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ళ ముందు, సెంటినరీ కాలనీలోని వారి క్వార్టర్‌లో ఒక సాయంత్రం ఇద్దరం టీవీ చూస్తున్నాం. సముద్రం అడుగున కొందరు వీపున సిలిండర్లు కట్టుకొని చేపల మధ్య తిరుగుతున్నారు. బావ చాయ్ తాగడం ఆపాడు.

"బామ్మర్ది, గా వీపు మీదిది మన మిషిని లెక్కనే ఉన్నది గదా."

"సూత్రం దాదాపు ఒకటే బావా, ప్రయోజనం వేరు," అన్నాను.

"ప్రయోజనం సంగతి ఇడిసిపెట్టు. ఇన్నేండ్లు నోట్ల గొట్టం పెట్టుకొని తిరిగిన. కండ్ల ముంగట పొగ తప్ప ఏం కనవడలె. ఒక్కసారి గదే గొట్టం పెట్టుకొని, సూడనీకె ఏదన్న ఉన్న కాడికి పోవాల్నని ఉన్నది."

"పదవీ విరమణ తరువాత తీరికగా ఆలోచిద్దాం."

"నౌకరి దిగినంక యాడ తీరిక? దిగంగనే నడుముకు ఆపరేషన్ అన్నరు దవాఖానల. ఆపరేషన్ అయినంక వీపు మీద సంచి గూడ ఎయ్యొద్దన్నరు, సిలిండర్ ఎవడు కట్టనిస్తడు? మల్ల మీ అక్క నన్ను కొత్తిమీరకు తప్ప గడప దాటనియ్యది."

నిజమే. ఇప్పుడైతే, నీళ్ళలో బరువు తెలియదు కాబట్టి వెళ్ళిరావచ్చునని డాక్టరు ఒప్పుకున్నాడు. ఇప్పుడు కాకపోతే మరి లేదు. బావ కోరిక విని పాత రెస్క్యూ మనుషులు మరికొందరు ముందుకు వచ్చారు. మొత్తం ఎనిమిది మందిమి తేలాం. తక్కువ ఖర్చులో సముద్రంలోకి దింపేవారు శ్రీలంకలో ఉన్నారని మాలో ఒకడైన ఏసుదాసు కనుక్కొని వచ్చాడు. ఏసుదాసు గని ఆఫీసులో క్లర్కు, చర్చిలో పెద్ద. టికెట్లు అతని బాధ్యత. గనిలో బొగ్గు టబ్బులను లాగే హాలేజీ ఇంజన్ నడిపే ఓదెలు తిండి, పచ్చళ్ళు, కెమెరా చూసుకుంటానన్నాడు. ఇక మిగిలింది బండి.

"బండి సంగతి నాకు వదిలివేయండి," అన్నాను. చరిత్రలో చాలా యుద్ధాలు ఇలాంటి వాక్యంతోనే మొదలయ్యాయి.

అందరూ ఒకే దుస్తులు ధరించాలన్నది నా రెండవ ఆజ్ఞ. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు.

"గదేంది సార్," అన్నాడు ఓదెలు. "పాల కేంద్రపోళ్ళ లెక్క."

"బృందం అన్న తరువాత గుర్తు ఉండాలి. బతుకంతా నల్లగా ఇంటికి వచ్చారు. నాలుగు రోజులు తెల్లగా తిరిగితే నష్టమేమీ లేదు."

బయలుదేరే రోజున అక్క ఒక తెల్ల దుప్పటి మడతపెట్టి నా చేతికి ఇచ్చింది. "తమ్మీ, ఆయనకు ఎండ వడది. నడుమును జర సూసుకో. మనిషిని ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తీస్కరావాలె. ఒక్క గీత వడ్డా నేను ఊకోను."

"నేనుండగా నీకు ఫికర్ ఎందుకక్కా."

"నువ్వున్నవనే," అన్నది అక్క.

మద్రాసు మీదుగా కొలంబో చేరాం. హిక్కడువ అనే సముద్రతీరపు ఊళ్ళో పడవ మాట్లాడుకున్నాం. పడవ యజమాని ఫోన్లో ఒకటే మాట చెప్పాడు: సముద్రం పొద్దున్న పూట నిమ్మళంగా ఉంటుంది, ఎండ ఎక్కి గాలి లేచిందంటే ఎవరు బతిమాలినా పడవ తీయను. ఆ మరునాడే మా తిరుగు విమానం. అంటే, పొద్దున్నే కొలంబోలో బయలుదేరి గాలి కంటే ముందు ఒడ్డు చేరకపోతే బావకు ఈ జన్మలో సముద్రం లేదు.

హోటల్ వారు పర్యాటకుల వ్యాను ఒకటి చూపించారు. మెత్తని సీట్లు, రంగు దీపాలు, పాటల పెట్టె. ఓదెలు ఎక్కి కూర్చొని దిగడానికి ఇష్టపడలేదు.

"సార్, ఇగ గిదే ఖాయం చేస్కోండ్రి. చల్లగ ఉన్నది."

"సిలిండర్లు ఎక్కడ పెడతావు? ఒళ్ళో పడుకోబెట్టుకుంటావా?"

"గవి వాళ్ళ తాననే ఉంటయేమో సార్."

"ఓదెలూ, ఇన్నేళ్ళు నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా? యంత్రం మన బండిలో, మన కళ్ళ ముందు రావాలి. ఊళ్ళో దిగగానే మనమే తీసుకొని, పరీక్షించి, పడుకోబెట్టి ఒడ్డుకు చేరుస్తాం."

పడవ యజమానిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. తెలిసిన సంగతిని అడగడం సమయం వృథా చేయడమని అప్పట్లో నా అభిప్రాయం.

ఆ సాయంత్రం నేనూ ఏసుదాసూ తెల్లబట్టలతోనే బండ్లు అద్దెకిచ్చే ఒక దుకాణానికి వెళ్ళాం. యజమాని మర్యాదస్తుడు. ఎలాంటి బండి కావాలని ఇంగ్లీషులో అడిగాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చొని, పాఠం చెప్పినట్టు ఒక్కొక్క అంశమే చెప్పాను. పొడవైన బండి. రంగు తెలుపైతే మేలు. మధ్యలో మనిషి పొడవున చదునైన చోటు ఉండాలి. అక్కడ పడుకోబెట్టినది కుదుపుకు దొర్లకూడదు. వెనుక తలుపు వెడల్పుగా తెరుచుకోవాలి. దించేటప్పుడు ఎత్తే పని లేకుండా బల్ల జారుతూ బయటికి రాగలిగితే మరీ మంచిది. రెండు వైపులా ఎదురెదురుగా మేం కూర్చుంటాం.

ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. రాయడం ఆపి నా వైపు చూశాడు. నేను కొనసాగించాను. పాటలు ఉండకూడదు. హారన్ మోగించకూడదు. బండి నెమ్మదిగా, ఒకే వేగంతో పోవాలి. ఎక్కించడం, దించడం మా పని. ఆ సమయంలో డ్రైవరు సీటు దిగరాదు, వెనక్కి తిరిగి చూడరాదు. ఇది మా రెస్క్యూ స్టేషన్లో తొలి నియమం.

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఎక్కడికి?" అన్నాడు.

"హిక్కడువ. సముద్రం దగ్గరికి. పడవ సిద్ధంగా ఉంది."

"ఎవరికోసం?"

"మా బావగారికోసం. ఎంతో కాలంగా ఆయన కోరిక."

ఆయన నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని కొంచెంసేపు అలాగే ఉన్నాడు. నేను బేరం మొదలుపెట్టబోతే, ఇలాంటి వేళ ఆ మాట ఎత్తవద్దని చేతులు జోడించాడు. అలాంటి బండి తన తమ్ముడి దగ్గర ఉందట, తెల్లవారేసరికి హోటల్ ముందు ఉంటుందట. బయటికి వచ్చాక ఏసుదాసుతో అన్నాను: "చూశావా? నిర్దేశం స్పష్టంగా ఉంటే లోకమంతా సహకరిస్తుంది."

"సార్, గాయన కండ్లల్ల నీళ్ళెందుకు వచ్చినయి?"

"క్రమశిక్షణ గల మనుషులు అరుదైపోయారు. చూసినప్పుడు కొందరికి అలా అవుతుంది."

తానొకటి తలిస్తే దైవమొకటి తలచునని పెద్దలు అన్నారు. మధ్యలో బండ్ల దుకాణంవాడు మూడోది తలుస్తాడని వారు చెప్పి ఉండవలసింది.

తెల్లవారింది. బండి వచ్చింది. నేను చెప్పిన లక్షణాల్లో ఒక్కటి తప్పలేదు. పొడవుగా, పాలనురుగులాగా ఉంది. పక్కలకు నిలువెత్తు అద్దాలు, అద్దాలకు వెండి జరీ కుచ్చులు, పైకప్పు నాలుగు మూలలా నాలుగు తామర మొగ్గలు. డ్రైవరు తెల్లని దుస్తుల్లో తల వంచుకొని కూర్చున్నాడు. అతని వెనుక దట్టమైన తెర. వెనుక తలుపు తెరిచి మధ్యనున్న బల్లను లాగితే, కింది చక్రాల మీద వెన్నలాగా జారివచ్చింది. నేను దానిని మూడుసార్లు లాగి, మూడుసార్లు లోపలికి తోశాను. అలాంటి బల్ల కోసం మా స్టేషన్లో నేను ఉద్యోగమంతా అడిగాను.

"సార్, గిది పల్లకి లెక్కున్నది," అన్నాడు ఓదెలు, చుట్టూ తిరిగి.

"అందంగా ఉండడం నేరమా?"

ఏసుదాసు ఆ తామర మొగ్గల వైపే చూస్తున్నాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. హోటల్ వాకిట్లో పనివాళ్ళు ఒక్కరూ లేరు; బండిని చూసి అందరూ మెల్లగా లోపలికి తప్పుకున్నారు. మాకు దారి ఇస్తున్నారని నేను సంతోషించాను.

విమానం కుర్చీలో బావ నడుము పట్టుకుపోయింది. వంగలేక, నిటారుగా నిలవలేక ప్రశ్నార్థకంలాగా ఉన్నాడు. "బామ్మర్ది, మిషిన్లు ఎక్కేదాక గీ బల్ల ఖాళీనే గదా. జర ఒరుగుత," అని వెల్లకిలా పడుకున్నాడు. అద్దాల్లోంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. అక్క ఇచ్చిన తెల్ల దుప్పటిని తల నుంచి కాళ్ళ దాకా నేనే కప్పాను. మడతలు సరిచేశాను. నేను ఏ పని చేసినా సగంలో వదలను.

బండి సముద్రం వెంట నడిచే రోడ్డు ఎక్కింది. నేను జీవితంలో చూడని దృశ్యం అక్కడ చూశాను. ఎదురుగా వచ్చే కార్లు పక్కకు తప్పుకొని ఆగుతున్నాయి. సైకిల్ మీద పోయేవాడు దిగి నిలబడుతున్నాడు. టోపీలు తలల మీది నుంచి గుండెల మీదికి దిగుతున్నాయి. ఒక కూడలిలో పోలీసు మిగతా బండ్లన్నీ ఆపి, మాకు సెల్యూట్ కొట్టాడు. నేను ఆనందం పట్టలేక ప్రతి నమస్కారానికీ లోపలి నుంచి నమస్కారం చేస్తూ, బృందానికి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"చూడండి. దీనిని నాగరికత అంటారు. మన రామగుండం రోడ్డు మీద అంబులెన్సుకు కూడా దారి ఇవ్వరు. ఇక్కడ తెల్లబట్టలు వేసుకొని వరుసగా కూర్చున్న ఏడుగురిని చూసి ఎంత గౌరవిస్తున్నారో గమనించండి."

"సార్," అన్నాడు ఓదెలు, "పొద్దటి సంది సూస్తున్న. మనల్ని సూసి ఒక్కడు నవ్వుతలేడు."

"గౌరవంలో నవ్వు ఉండదు."

"గది సరే సార్. గా తొవ్వ పక్క నిలవడ్డ ముసలాయన ఎందుకు ఏడ్సిండు?"

ఏసుదాసు అప్పటికే కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతున్నాడు. చర్చి పెద్దగా ఎన్ని పెట్టెల వెంట నడిచాడో అతనికే తెలుసు. విషయం అతనికి అర్థమైంది; నాకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. నన్ను సరిదిద్దిన వారికి ఏమవుతుందో మా స్టేషన్లో అందరికీ తెలుసు. కాబట్టి చెప్పవలసినది నాకు కాకుండా దేవుడికి చెప్పుకుంటున్నాడు.

దారిలో ఒక రైలు గేటు పడింది. బండి ఒక చాయ్ దుకాణం ముందు ఆగింది. గాలి ఆడడానికి వెనుక తలుపు తెరిపించి నేను దిగి నిలబడ్డాను. ఓదెలు కెమెరా తీసుకొని దిగాడు. దుకాణం పక్క ఇంట్లోంచి ఒక పెద్దావిడ దోసిలినిండా మల్లెపూలతో వచ్చింది. తెల్లచీర, నెరిసిన జుట్టు, పంతులమ్మలాగా శుద్ధమైన ఇంగ్లీషు. "మీకు ఏమవుతారు?" అని అడిగింది.

"బావగారు. మా అక్క భర్త."

"ఆమెకు తెలుసా?"

"ఆమే దుప్పటి ఇచ్చి పంపింది," అన్నాను.

ఆవిడ నిట్టూర్చి, పూలన్నీ బావ గుండెల మీద పెట్టి, కళ్ళు మూసుకుంది. అతిథిని పూలతో సత్కరించడం ఈ దేశాచారం కాబోలునని నేను కూడా చేతులు జోడించి, తల వంచి నిలబడ్డాను. వెనుక తెల్లబట్టల్లో మా బృందం. ఓదెలు కెమెరా అప్పుడే క్లిక్కుమంది. ఆ ఫోటో గురించి తరువాత చెబుతాను.

మల్లెల వాసనకు బావకు మెలకువ వచ్చింది. దుప్పటి కింద ఒక చేయి కదిలింది. తరువాత బావ, నడుము పట్టుకుపోయినవాడు ఎలా లేస్తాడో అలా, ఒక్క ముక్కగా, నిట్టనిలువునా లేచి కూర్చున్నాడు. దుప్పటి జారింది. పూలు రాలాయి.

"చాయ్ వాసనొస్తున్నది," అన్నాడు. "నాకో కప్పు చెప్పుండ్రి. చక్కెర తక్కువ."

ఇక్కడ ఘోరానికి వంతు వచ్చింది.

పెద్దావిడ ఎగిరి వెనక్కి రెండంగలు వేసింది. దుకాణం బల్ల మీద కూర్చున్నవారు బల్లతో సహా వెనక్కి పడ్డారు. చాయ్ పోసేవాడు కప్పు నిండినా పోస్తూనే ఉన్నాడు. ఇంతసేపూ నా నియమం ప్రకారం వెనక్కి తిరగని డ్రైవరు, తెర వెనుక నుంచి కొత్త గొంతు వినపడగానే తెర తీశాడు, చూశాడు, తలుపు తెరుచుకొని రైలు పట్టాల వెంట పరుగు తీశాడు. బండి తాళం అతని గుప్పిట్లోనే ఉంది.

"డ్రైవర్ ఎటు వోతున్నడు?" అన్నాడు బావ.

"సార్," అన్నాడు ఏసుదాసు, చివరికి కళ్ళు తెరిచి, "గిది శవాల బండి సార్."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"హోటల్ కాడి నుంచే."

"మరి చెప్పవేం?"

"అంత మంచిగ మెచ్చుకుంటున్నరు గదా సార్."

ఓదెలు పట్టాల వెంట వెళ్ళి డ్రైవరును చెట్టుచాటు నుంచి పట్టుకొచ్చాడు. అతని పేరు సునీల్. బావ చేయి ముట్టుకొని చూశాక, పూలావిడ నీళ్ళు తాగించాక, అతనికి మాట వచ్చింది. పూలావిడ మాత్రం ముందు కొంచెం కోపంగా చూసి, ఆ తరువాత కొంగు నోటికి అడ్డంపెట్టుకొని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆమె భుజాలు ఎగిరిపడుతున్నాయి. అది ఏడుపు కాదని మాత్రం చెప్పగలను.

రైలు పోయింది. గేటు లేచింది. సముద్రం వైపు కొబ్బరాకులు మెల్లగా ఊగడం మొదలుపెట్టాయి. గాలి లేస్తోంది. అక్కడ ఇంకో బండి దొరికే దారి లేదు. సునీల్ స్టీరింగు ముట్టనన్నాడు. అతని వాదనలో న్యాయం ఉంది. ఈ రోడ్డు మీద తనను ఎరగనివారు లేరట. తన బండిలో పడుకోబెట్టిన మనిషి లేచి కూర్చొని చాయ్ తాగుతూ ఊళ్ళగుండా వెళ్ళాడంటే, చచ్చినవారి పరువు తీశాడని ఇక తనను ఎవరూ పిలవరట. తీసుకువెళ్ళాలంటే ఒక్కటే మార్గం: వచ్చినవాడు వచ్చినట్టే, దుప్పటి కప్పుకొని, కదలకుండా రావాలి.

నేను ఆలోచనలో పడ్డాను. బతికి ఉన్న బావను, తెలిసి తెలిసి, మా అక్క దుప్పటి కింద అలా పడుకోబెట్టడమా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ అడుసులోకి దించినది నేను, పడుకోవలసినది బావ.

"వద్దు బావా," అన్నాను. "తప్పు నాది. వెనక్కి వెళ్ళిపోదాం."

బావ ఆకుల వైపు చూశాడు. చాయ్ కప్పు కింద పెట్టాడు. "సముద్రం సూడాలంటె సావాల్నంటె, సస్త. నడువుండ్రి," అని పడుకొని, దుప్పటి తనే ముఖం మీదికి లాక్కున్నాడు. రాలిన పూలు కూడా ఏరి పైన పెట్టమన్నాడు.

ఇక ఆ మిగిలిన ప్రయాణాన్ని నేను ఎలా వర్ణించను? తెలియక చేసిన నమస్కారాలన్నీ ఇప్పుడు తెలిసి చేయవలసి వచ్చింది. పాడె ఎక్కినవాడికి ఇక భయమేమిటన్నట్టు బావ నిశ్చింతగా ఉన్నాడు. దుప్పటి కింద నుంచి చిన్నగా ఒక కూనిరాగం వస్తోంది. ఓదెలు ముఖం మోకాళ్ళ మధ్య పెట్టుకొని వణుకుతున్నాడు. చూసేవారికి అది దుఃఖంలాగానే కనిపించింది. ఒక సైనికుడి ముందు నుంచి పోతున్నప్పుడు దుప్పటి కింద బావ తుమ్మాడు. ఆ క్షణంలో ఏడుగురం ఒక్కసారిగా తుమ్మినట్టు నటించాం. మా స్టేషన్ చరిత్రలో అంత చక్కని సమన్వయాన్ని నేను చూడలేదు.

దారి మాత్రం పట్టుతెరలా విచ్చుకుంది. కూడళ్ళలో మాకోసం ఆగనివాడు లేడు. "సార్, టైంకు వోతున్నం," అన్నాడు ఓదెలు కళ్ళు తుడుచుకుంటూ. "సచ్చినోనికి ఇచ్చిన తొవ్వ బతికినోనికి ఇయ్యరు సార్."

ఒడ్డున పడవ ఇంకా ఉంది. యజమాని బండిని చూసి టోపీ తీశాడు. ఫోన్లో మాట్లాడినది నేనేనని తెలుసుకొని, మెల్లగా, "మీ బావగారు?" అన్నాడు. నేను బండిలోకి చూపించాను. ఆయన తల వంచాడు. "నిన్న ఫోన్లో బాగానే ఉన్నారన్నారే," అన్నాడు.

"ఇప్పుడూ బాగానే ఉన్నారు," అని నేను బల్లను లాగాను. బావ కాళ్ళ వైపు నుంచి వెన్నలాగా జారి వచ్చి, లేచి, పూలు దులుపుకొని, "మిషిని ఏడున్నది?" అన్నాడు. పడవ మనుషుల్లో ఇద్దరు నీళ్ళలోకి దూకారు. మిగతావారు దూకకపోవడానికి కారణం, అప్పటికే నీళ్ళలో ఉండడం.

జరిగినదంతా చెప్పాను. యజమాని నా ముఖంలోకి చూశాడు. "సిలిండర్లు మోయడానికి ఆ బండి మాట్లాడారా?" అన్నాడు. పడవ మీది గుడ్డ తొలగించాడు. సిలిండర్లు అక్కడే, వరుసగా, మా స్టేషన్లోకంటే శుభ్రంగా ఉన్నాయి. "మాకు ఇవి ఎప్పుడూ పడవలోనే ఉంటాయండీ," అన్నాడు. ఓదెలు నా వైపు చూడలేదు. నన్ను చూడకుండా ఉండడానికి అతడు ఎంత కష్టపడ్డాడో మాత్రం నాకు కనిపించింది.

అయినా పడవవాళ్ళు బావను ఎక్కించుకోవడానికి జంకారు. ఆ బండి దిగినవాడిని సముద్రంలోకి తీసుకుపోతే ఏమవుతుందోనని వారి భయం. గాలి ఇంకొంచెం పెరిగింది. బావ ఒడ్డున నిలబడి నీళ్ళ వైపే చూస్తున్నాడు. చావును నటించి కూడా మనిషి సముద్రం చేరలేకపోతే, ఆ పాపం ఎవరిది?

ఆ పడవలో చుక్కాని పట్టే ముసలాయన బావను పైనుంచి కిందికి చూసి, వారి భాషలో ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. యజమాని మాకు చెప్పాడు: ఆ బండి ఎక్కి దిగివచ్చినవాడిని ఇక సముద్రం ఏం చేస్తుందట? మొదట ఇతడినే దించండి, మిగతావారికి కూడా శుభం అన్నాడట.

బావ మొదట దిగాడు. బృందంలో సగం దిగితే సగం సిద్ధంగా పైన ఉండాలన్నది రెస్క్యూ నియమం. పైనున్న సగానికి నాయకుడిని నేను. కనుక నేను మునగలేదు. ఆ రోజు నేను అప్పటికే మునిగి ఉన్నాను. పడవ అంచు పట్టుకొని, బావ ఊపిరి బుడగలు పైకి రావడం చూస్తూ కూర్చున్నాను. ఒక బుడగ, కొంచెం ఆగి మరొక బుడగ. నిదానంగా, క్రమంగా, నేను నేర్పినట్టే.

బావ పైకి వచ్చి గొట్టం తీశాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ తరువాత అన్నాడు: "ఇన్నేండ్లు ఊపిరి మాత్రమే పీల్చిన బామ్మర్ది. ఇయ్యాల సూసుకుంట పీల్చిన. పసుపుపచ్చ చేప ఒకటి నా అద్దం కాడికొచ్చి, ఎవడువురా నువ్వన్నట్టు సూసింది."

ఒడ్డుకు వచ్చి చూస్తే సునీల్ బండి తిప్పుకొని సిద్ధంగా ఉన్నాడు. ఎక్కబోతే చేయి అడ్డం పెట్టాడు. "క్షమించాలి సార్. ఈ బండి తీసుకుపోవడమే కాని, తిరిగి తీసుకురావడం లేదు." తడిసిన తెల్లబట్టలతో ఎనిమిది మందిమీ కొలంబో దాకా మామూలు బస్సులో నిలబడి వచ్చాం. ఎవరూ టోపీ తీయలేదు. ఒకడు నా కాలు తొక్కాడు కూడా. ఆ తొక్కుడులో నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను.

ఇంటికి వచ్చాక ఈ సంగతి అక్కకు తెలియకూడదని అందరిచేత మాట తీసుకున్నాను. ఓదెలు మాట నిలుపుకున్నాడు, నోరు విప్పలేదు. ఫోటోలు మాత్రం కడిగించి క్వార్టర్‌లో ఇచ్చి వెళ్ళాడు. పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి అక్క ఫోటో చేతిలో పెట్టుకొని కూర్చుంది. అద్దాల బండి. తన దుప్పటి కింద తన భర్త. గుండెల మీద మల్లెపూలు. చుట్టూ తెల్లబట్టల్లో ఏసుదాసు, మిగతా బృందం. ముందు భాగంలో చేతులు జోడించి, తల వంచి, నేను.

బావ వంటింట్లో కొత్తిమీర కోస్తున్నట్టు నటిస్తున్నాడు.

అక్క ఫోటో నుంచి నా వైపుకు, నా నుంచి మళ్ళీ ఫోటో వైపుకు చూసింది. "తమ్మీ, ఎట్ల తీస్కపోయినవో గట్లనే తెమ్మంటి గదరా."

"తెచ్చాను కదక్కా. ఒక్క గీత పడలేదు."

"తెచ్చినవ్. పూలేసినవ్, బండెక్కిచ్చినవ్, సముద్రంల గూడ కలిపినవ్. ఇంత చేసినోనివి, గా పదకొండో దినం గూడ ఆడనే చేసి తోల్కరాకపోయినవా? నాకు వంట తప్పుతుండె."

వంటింట్లో కత్తి కింద పడిన శబ్దం వినిపించింది. ఆ తరువాత బావ నవ్వు వినిపించింది. దానిలో అక్క నవ్వు కూడా కలిసింది. ఆ ఫోటో ఇప్పటికీ వారి ముందుగదిలో, పెళ్ళి ఫోటో పక్కన ఉంది. కొత్తగా ఆ ఇంటికి వచ్చినవారు దానికి దండం పెడతారు. బావ ఎదురుగా కూర్చొని ఆశీర్వదిస్తాడు.

ఇందుమూలముగా నేను ప్రతిజ్ఞ చేయునది ఏమనగా: ఇకమీదట బండి పొడవు, వెడల్పు, రంగు, వేగం గురించి నేను ఒక్క మాటా చెప్పను. ఏ బండి మాట్లాడినా ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: నిన్న దీనిలో వెళ్ళినవారు తమ కాళ్ళతో దిగారా?

పైన రాసినదానిలో వరుస తప్పినా, మాట జారినా, తెలిసినవారు సవరించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. ఒప్పుకోవడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను. ఇంటికి వచ్చి చెప్పదలచినవారు దయచేసి మామూలు బస్సులో రాగలరు.